ఎర్రబడని చర్మం

వైద్యగ్రంథాల్లో తరచు కనిపించే మాట ఒకటి ఉన్నది: చర్మం ఎర్రబడుతుందని. ఎండ తగిలినా, పురుగు కుట్టినా, మందు పడకపోయినా, కీమోథెరపీ మందు ఒంట్లో పని చేసినా మొట్టమొదట కనబడే లక్షణం అదేనట. ఆ మాటను నమ్మిన మూలంగా నేను ఒక రోజునూ, రెండు చంకల్లోని చర్మాన్నీ పోగొట్టుకున్నాను. వర్ణన గురించీ వాస్తవికత గురించీ మనవాళ్ళు ఏళ్ళ తరబడి చర్చలు చేశారు. నేనూ చేశాను. వర్ణన తప్పితే కవిత్వం పాడవుతుందని క్లాసులో చెప్పేవాణ్ణి. ఒళ్ళు కూడా పాడవుతుందని నాకు ఆస్పత్రిలో తెలిసింది.

నేను ఒక కళాశాలలో తెలుగు చెప్పేవాణ్ణి. 2021 చివర్లో ఒకనాడు పాఠం మధ్యలో "ఉపమానం" అనే మాట నోటికి రాలేదు. ఎదురుగా బల్లలున్నవి, పిల్లలున్నారు, మాట మాత్రం లేదు. నేను కావాలని ఆగాననుకుని పిల్లలు ఎదురుచూశారు. నెల తిరగకుండా మెదడులో లింఫోమా అని తేల్చారు. మొదట ఇచ్చిన మందు మెథోట్రెక్సేట్. ఆ కోవ మందుల వెనక భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషి ఉన్నదని చదివినప్పుడు, ఆ పరిస్థితిలో కూడా, కొంచెం గర్వపడ్డాను. గడ్డ కరిగింది. మళ్ళీ రాకుండా ఉండాలంటే మూలకణాల మార్పిడి చెయ్యాలన్నారు. 2022 ఆగస్టులో హైదరాబాదులో ఒక ఆస్పత్రిలో చేశారు.

మార్పిడి అని పేరేగాని నా విషయంలో మార్చింది ఏమీ లేదు. నా రక్తంలో నుంచే మూలకణాలను ముందుగా తీసి గడ్డకట్టించి దాచారు. తరువాత ఎముకల్లోని మూలుగ చచ్చిపోయేటంత మోతాదులో మందు ఎక్కించారు. ఆ పైన దాచిన కణాలను కరిగించి నాకే ఎక్కించారు. అసలు వైద్యం ఆ మోతాదే. కణాలు తిరిగి ఇవ్వటం రోగి ఆ మోతాదును తట్టుకుని బతకటానికి. మందులు రెండు: కార్ముస్టిన్, థయోటెపా. రక్తం నుంచి మెదడులోకి మందులను పోనివ్వని అడ్డు ఒకటి ఉంటుంది. ఈ రెండూ దాన్ని దాటిపోగలవు కనక వాటిని ఎంచుకున్నారు.

ఈ థయోటెపాకు ఒక విచిత్రమైన గుణమున్నది. అది చెమటలో బయటికి వస్తుంది. నరంలోకి ఎక్కించిన మందు లోపల తన పని చేసి, చర్మం మీదికి వచ్చి అక్కడ కూడా అదే పని చేస్తుంది. అది వేగంగా చీలే కణాలను చంపే మందు. చర్మం అడుగుపొరలో అటువంటి కణాలున్నవి. చెమట ఆరేచోట ఫరవాలేదు. ఆరనిచోట, అనగా చంకల్లో, గజ్జల్లో, మెడ ముడతల్లో, నడుముకు బట్ట బిగిసేచోట, సూదిగొట్టం మీద అంటించిన పట్టీ కింద, మందు నిలవ ఉండి కాలుస్తుంది. అంచేత మందు ఎక్కించిన రెండు రోజులూ, ఆ తరువాత మరి రెండు రోజులూ, ఆరు గంటలకొకసారి స్నానం చేయించారు. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం రెండుకి, రాత్రి ఎనిమిదికి, మళ్ళీ తెల్లవారుజామున రెండింటికి. నూనె, పౌడరు, లేపనం ఏదీ రాయకూడదు. రాస్తే మందును చర్మానికి అదిమిపెట్టినట్టవుతుంది. మా పెద్దమ్మ కొడుకు ఊరినుంచి పసుపూ కొబ్బరినూనే కలిపిన సీసా తెచ్చి, అది లోపలికి రానివ్వలేదని ఇంగ్లీషు వైద్యులను చాలాసేపు తిట్టి వెళ్ళాడు. స్నానం చేసినప్పుడల్లా పక్కదుప్పటి కూడా మార్చేవారు.

రాత్రి రెండింటి స్నానం నాకు బాగా గుర్తు. ఆ వేళకు మనిషికి తన ఒంటిమీద తనకే గౌరవం ఉండదు. మా ఆవిడ పగలంతా నిలబడి అలిసిపోయి కుర్చీలో నిద్రపోయేది. నీళ్ళు పోసేది ఒక ఆయా. నల్లగొండ వైపు మనిషి, నలభై ఏళ్ళుంటాయి. చంకల కింద నీళ్ళు పోసి, ఒత్తకుండా, తుండు ఆనించి తడి తీసేది. గోడకు అవతలి గదిలో తొమ్మిదేళ్ళ పిల్ల ఉండేది. తలసీమియా వ్యాధి, అన్న కణాలు ఎక్కిస్తున్నారు. ఆ పిల్లకూ ఈ మందే ఇచ్చారు. మా నీళ్ళ చప్పుడు అయిపోయిన పావుగంటకు అవతల నీళ్ళ చప్పుడూ, వద్దమ్మా చలేస్తుందమ్మా అని ఏడుపూ వినబడేవి.

కణాలు ఎక్కించిన మూడోనాడు డ్యూటీ డాక్టరు వచ్చాడు. పాతికేళ్ళ కుర్రవాడు, మర్యాదస్థుడు. టార్చి వేసి చంకలూ మెడా చూశాడు. చర్మం కొంచెం మంటగా ఉన్నదని చెప్పాను. మళ్ళీ చూశాడు. కేసుషీటులో ఎరుపు లేదని రాసుకున్నాడు. ఎరుపంటే మనవాళ్ళకు మొదటినుంచీ అభిమానమే. కాని దాని లేమి నాకు అంత నిశ్చింత కలిగించటం అదే మొదటిసారి. మంట ఊరికే వచ్చి ఉంటుందనుకున్నాను.

సాయంత్రం ఆయా తడి తీస్తూ ఆగిపోయింది. "సారూ, గీడ ఒళ్ళు కాలుతున్నది. జరం లెక్క లేదు, గీడనే కాలుతున్నది" అన్నది. డాక్టరుగారు చూశారమ్మా, ఎరుపేమీ లేదన్నారు, అన్నాను.

"ఎర్రగెట్లయితది సారూ? మనమేమన్న తెల్లోళ్ళమా? నలుపు మీద నలుపయితది. పట్టి చూడుండ్రి."

పట్టి చూడలేదు. ఎవరికీ చెప్పనూలేదు. దీన్ని గురించి నేను ఎంత ఆలోచించినా డాక్టరు మీదికి నెట్టటానికి వీల్లేకుండా ఉన్నది. అతను తాను చదివినదాన్ని బట్టి చూశాడు. నేను ముప్ఫయి ఏళ్ళపాటు శ్రామికుల అనుభవజ్ఞానం గురించి ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. ఆ జ్ఞానం వచ్చి నా చంకలో చెయ్యి పెట్టి చెబితే, కేసుషీటులో రాసినమాటే నమ్మాను.

మర్నాటికి చంకల్లో పొక్కులు లేచి చిట్లినవి. గజ్జల్లో చర్మం తడిసిన కాగితంలాగా ఊడి వచ్చింది. ఛాతీమీద పట్టీ తీసి చూస్తే దానికింద పట్టీ ఎంత ఉన్నదో అంత మేరకు, గీత గీసినట్టు, నాలుగు పలకలుగా నల్లబడి ఉన్నది. అప్పటికి నా రక్తంలో తెల్లకణాలు దాదాపు లేవు. తెల్లకణాలు లేనివాడికి చర్మం కోటగోడవంటిది. దానికి గండి పడితే లోపల కాపలావాడెవడూ లేడు. రెండు రోజుల్లో జ్వరం వచ్చింది. గండి మూలంగానే వచ్చిందని ఎవరూ అనలేదు, నేనూ అనను. ఆ దశలో చర్మం బాగున్నవారికి కూడా జ్వరం వస్తుంది. కాని ఆ జ్వరపు రాత్రుల్లో పోయిన రోజును గురించే ఆలోచించాను.

చర్మవైద్యురాలిని పిలిపించారు. పెద్దావిడ. టార్చి అడగలేదు. చేతి వెనకభాగం ఆనించి వేడి చూసింది. కాలుతున్న చర్మాన్ని పక్కన బాగున్న చర్మంతో పోల్చి చూసింది. అరచేతులూ అరికాళ్ళూ తిప్పించింది. అక్కడ రంగు పలచన కనక మార్పు తెలుస్తుందట. మన రంగువాళ్ళలో ఈ వాపు ఊదాగానో, బూడిదగానో, ఉన్న రంగుకంటె ఒక వన్నె ముదురుగానో కనిపిస్తుందిగాని ఎర్రగా కనిపించాలని లేదని ఆ కుర్ర డాక్టరుకు నెమ్మదిగా చెప్పింది. ఇది ఆవిడ ఏ పుస్తకంలో చదివిందని అడిగాను. ఓపీలో కూచుంటే వస్తుందండీ అన్నది. అంటే ఆయా చెప్పిన మాటే. నాకు మాత్రం డిగ్రీ ఉన్నవారినుంచి రావలసివచ్చింది.

తరువాత రెండు వారాలు చర్మం ఊడుతూనే ఉన్నది. వేళ్ళ కొసలు వేరుశనగ గింజలు పొట్టు వదిలినట్టు వదిలినవి. చూడవచ్చిన మిత్రులొకరు "పాము కుబుసం విడిచినట్టు కొత్తజన్మ" అన్నారు. పాముకు కుబుసం విడిచేటప్పుడు నొప్పి ఉంటుందో ఉండదో నాకు తెలియదు, నాకున్నది. కాలినచోట్లన్నీ ముందు నల్లబడి, కంచు రంగుకు తిరిగి, నెలల మీద తేరుకున్నవి. గోళ్ళకు అడ్డంగా ఒక గాడి పడింది. మోతాదు ఇచ్చిన రోజుల్లో గోరు పెరగటం ఆగిందన్నమాట. గోరు పెరిగినకొద్దీ ఆ గాడి ముందుకు జరిగి, కడకు కత్తిరింపుల్లో పోయింది.

ఇంటికి వచ్చి పనిలేక ఉన్న నెలల్లో ఈ మందు పుట్టుపూర్వోత్తరాలు చదివాను. తెలుగు పంతులుకు మాట దొరికితే వ్యుత్పత్తి వెతకటం అలవాటు. మందుకు కూడా వెతికాను. థయోటెపాను 1950ల మొదట్లో అమెరికన్ సయనమిడ్ కంపెనీ తయారుచేసింది. సుబ్బారావుగారు పనిచేసిన లెడర్లీ ఆ కంపెనీ శాఖే. అయితే ఆయన 1948లోనే పోయారు. ఈ మందు గొప్పతనంగాని పాపంగాని ఆయనకు చెందదు. దీని బంధువులు వేరే ఉన్నారు.

1917 జూలైలో బెల్జియంలో ఈప్ర్ పట్టణం దగ్గర జర్మన్ సైన్యం మస్టర్డ్ గాసును మొదటిసారి ప్రయోగించింది. దానిలో ఆవాలు లేవు. వాసనను బట్టి వచ్చిన పేరు. అది తగిలిన వెంటనే ఏమీ తెలియదు. కొన్ని గంటలకు కళ్ళు మూసుకుపోతవి, ఒళ్ళు పొక్కుతుంది. ఎక్కడ ఎక్కువ పొక్కుతుందంటే చెమట పట్టేచోట: చంకల్లో, గజ్జల్లో. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. చచ్చినవారిని పరీక్షిస్తే రక్తంలో తెల్లకణాలు అడుగంటినట్టు ఆనాడే గమనించారు. 1942లో యేల్ విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్, గిల్మన్ అనేవారు దాని తమ్ముడైన నైట్రొజన్ మస్టర్డును ఒక లింఫోమా రోగికి ఎక్కించి చూశారు. గడ్డలు కరిగినవి, మళ్ళీ వచ్చినవి. యుద్ధరహస్యమని 1946 దాకా బయటపెట్టలేదు. మధ్యలో 1943 డిసెంబరు 2న ఇటలీలోని బారి రేవుమీద జర్మన్ విమానాలు బాంబులు వేస్తే, అక్కడ ఉన్న జాన్ హార్వీ అనే అమెరికన్ ఓడలో రహస్యంగా దాచిన మస్టర్డ్ బాంబులు పగిలి వందలమంది కాలారు. అక్కడ కూడా తెల్లకణాలు పడిపోవటం ఒక సైనిక వైద్యుడు రాసిపెట్టాడు.

ఈ కుటుంబపు పని ఒకటే. నైట్రొజన్ మస్టర్డు ఒంట్లోకి వెళ్ళాక మూడు పరమాణువుల చిన్న వలయంగా ముడుచుకుంటుంది. ఆ వలయం బలవంతాన వంచిన వెదురుబద్దలాంటిది. విచ్చుకోవటానికి చూస్తూ, దొరికిన జన్యుపదార్థాన్ని పట్టుకుంటుంది. థయోటెపాలో అటువంటి వలయాలు మూడు, ముందే తయారుగా ఉన్నవి. ఆ వలయమే నా మెదడులో మిగిలిన రోగకణాలను చంపింది. ఆ వలయమే నా చంకలను కాల్చింది.

ఇక్కడితో ఆగితే ఇది యుద్ధంనుంచి వైద్యం పుట్టిన కథ. అటువంటి కథలు పాఠ్యపుస్తకాలకు బాగుంటవి. కాని ఇంకొక పేజీ ఉన్నది. 1930ల మొదట్లో బ్రిటిషు ప్రభుత్వం పోర్టన్ డౌన్ పరిశోధనశాల శాస్త్రజ్ఞులను రావల్పిండికి పంపింది. పదేళ్ళకు పైగా అక్కడ ప్రయోగాలు జరిగినవి. వందలాది భారతీయ సైనికులను గాసు గదుల్లోకి పంపారు. కొందరికి ముఖానికి తొడుగులు పెట్టి, ఒంటికి నిక్కరూ పలచని చొక్కా మాత్రం ఉంచారు. వారు తెలుసుకోదలచినదేమిటి? మస్టర్డ్ గాసు తెల్లచర్మాన్ని కాల్చినదానికంటె భారతీయుల చర్మాన్ని ఎక్కువ కాలుస్తుందా అని. చాలామందికి తీవ్రంగా కాలి ఆస్పత్రిపాలయ్యారు. ఈ సంగతులు లండన్ జాతీయ దస్తావేజుల భాండాగారంలోని కాగితాల్లో నుంచి 2007లో పత్రికలకెక్కినవి. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికా సైన్యం కూడా తన నల్లసైనికులమీదా, జపానీ, ప్యూర్టోరికో సంతతివారిమీదా ఇదే గాసును ప్రయోగించి, తెల్లసైనికుణ్ణి కొలబద్దగా పెట్టుకున్నది.

చూడండి: నల్లచర్మం కాలితే ఏ రంగుకు తిరుగుతుందో, ఎన్ని గంటలకు పొక్కుతుందో శ్రద్ధగా చూసి రాసుకున్నవారు ఎనభై, తొంభై ఏళ్ళ కిందటే ఉన్నారు. కాల్చటానికి ఆ వివరం అవసరమయింది. మాన్పటానికి రాసిన పుస్తకాల్లో మాత్రం బొమ్మలు చాలావరకు తెల్లచర్మానివే, మాటా ఆ చర్మానిదే: ఎర్రబడుతుంది. ఆ పుస్తకాలే చదివి మన పిల్లలు డాక్టర్లవుతున్నారు. చూసేవాడి చర్మం నల్లనిదే, చూపించుకునేవాడి చర్మం నల్లనిదే. మధ్యన ఉన్న వాక్యం తెల్లది. లండన్‌లో సెయింట్ జార్జి వైద్యకళాశాలలో రెండవ సంవత్సరం చదివే మలోన్ ముక్వెండె అనే విద్యార్థి, నల్ల, గోధుమరంగు చర్మంమీద ఈ లక్షణాలు ఎట్లా ఉంటవో నేర్పే పుస్తకం లేదేమని అడిగి, తన అధ్యాపకులు ఇద్దరితో కలిసి 2020లో ఒక చేతిపుస్తకం తీసుకొచ్చాడు. విద్యార్థి అడిగాడు, అధ్యాపకులు కూర్చుని పనిచేశారు. మన కళాశాలల్లో అట్లా అడిగినవాణ్ణి మనం ఏం చేస్తామో నాకు తెలుసు, నేనూ అధ్యాపకుణ్ణే.

దీనినుంచి మా పెద్దమ్మ కొడుకు తీసే సిద్ధాంతం తీయటానికి నేను సిద్ధంగా లేను. నన్ను బతికించింది ఆ వలయమే. పసుపూ కొబ్బరినూనే అయితే ఈ వ్యాసం ఉండేది కాదు. సైన్సు తెల్లవాడిది అనేవారు, చర్మవైద్యురాలు చేసినది కూడా సైన్సేనని మరిచిపోతున్నారు. వేడి చూసింది, పోల్చింది, తేల్చింది.

నన్ను గది దాటి వరండాలో నడవమన్న రోజున పక్కగది పిల్ల తల్లి ఎదురయింది. ఖమ్మం వైపువారు, కౌలు వ్యవసాయం. పిల్లకు కణాలు పట్టినవి, మెడా పొట్టా మాత్రం బొగ్గులాగా నల్లబడినవి. "సార్, మీకు తగ్గింది గదా. మా పాపకు ఈ నలుపు పోతదంటారా?" అని అడిగింది.

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ముందు పిల్ల బతకటం ముఖ్యమమ్మా, నలుపేమిటి తెలుపేమిటి, మనమే ఇట్లా అనుకుంటే ఎట్లా, అని ఇంకా ఏవేవో అన్నాను. ఆమె చివరిదాకా విన్నది.

"బతుకుద్దనే గదా సార్ ఇంత చేస్తంది. బతికినాక దీన్ని చూసి అడిగేవాళ్ళకి నేనేం చెప్పాలి? పొలం అమ్మి పిల్లని నల్లగ చేసుకొచ్చారన్నా అంటారు."

నాకు నోట మాట రాలేదు. ఈసారి లింఫోమా మూలంగా కాదు. ఆ పిల్లకు పుట్టినప్పటినుంచీ ఎక్కించిన రక్తంలోని ఇనుము పేరుకుని అసలే రంగు తగ్గింది. ఊళ్ళో ఆ మాటలు ఆమె తొమ్మిదేళ్ళుగా వింటున్నది. ప్రబంధాల్లో బంగారు మేనిఛాయలను పరీక్షల్లో పదేసి మార్కులకు అడిగినవాణ్ణి నేను. ఆమెను అట్లా అడిగించినది ఎవరో నాకంటె ఆమెకే బాగా తెలుసు. చాలామందికి నెలల మీద ఈ నలుపు పలచబడుతుందని డాక్టర్లు నాతో చెప్పినమాట, ఉపన్యాసం లేకుండా, ఆమెకు చెప్పాను. మొదటే అది చెప్పి ఉండవలసింది.

ఇక చేతితొడుగుల సంగతి. మందు చెమటలో వస్తుంది కనక రోగి దుప్పట్లు, తుండ్లు ముట్టుకునేవారు తొడుగులు వేసుకోవాలి. మాకిచ్చిన కాగితంలో ఆ మాట స్పష్టంగా ఉన్నది. మా ఆవిడకు ఇచ్చారు. ఆయాకు రాత్రిపూట ఒక్క జత. రెండు గదుల స్నానాలకూ, నాలుగు దుప్పట్లకూ అదే జత. పని కాగానే కడిగి నా స్నానాలగది కుళాయిమీద ఆరేసేది. ఒకనాటి రాత్రి ఎడమచేతి తొడుగు చిరిగి ఉంటే కుడిచేతిది మాత్రం వేసుకుని నాకు నీళ్ళు పోసింది. నేను చూశాను. వణుకుతూ నిలబడి ఉన్నాను, చూసి ఊరుకున్నాను.

వెళ్ళిపోయే రోజున బిల్లు చూస్తే నా పేరున ఎనభై ఆరు జతల తొడుగులు ఉన్నవి. సూపర్‌వైజరును అడిగాను. ఆయాలు ఆస్పత్రివారు కాదుసార్, కాంట్రాక్టరు మనుషులు, వాళ్ళకు సామాను కాంట్రాక్టరే ఇవ్వాలి, అన్నాడు. కాంట్రాక్టరు ఎక్కడుంటాడంటే ఫోను నంబరు లేదన్నాడు. ఒక కాగితం రాసి ఇచ్చాను. తీసుకున్నట్టు సంతకం అడిగితే అటువంటి పద్ధతి లేదన్నాడు.

మూడో నెలలో పరీక్షకు వెళ్ళినప్పుడు ఆమె కింది అంతస్తులో, లిఫ్టు దగ్గర నేల తుడుస్తున్నది. మార్పిడి వార్డు నుంచి మార్చారట. నన్ను గుర్తుపట్టి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, నా ముంజేతిమీద వేళ్ళు ఆనించి చూసింది. "రంగొచ్చింది సారూ" అన్నది. నేను ఆ చేతిని తిప్పి చూశాను. అరచెయ్యి పగిలి, వేళ్ళ సందుల్లో పొట్టు లేచి, మణికట్టు దాకా నల్లగా ఉన్నది. ఇది ఎప్పటినుంచమ్మా అని అడిగాను. ఫినాయిలుతో అందరికీ అయ్యేదేనన్నది. అది ఫినాయిలుదో, నా చెమటదో చెప్పటం నాకు చేతకాదు. చర్మవైద్యురాలి గది పై అంతస్తులోనే ఉన్నది, రమ్మన్నాను. డ్యూటీలో ఉన్నాను సారూ, మేస్త్రి చూస్తడు, అని చెయ్యి వెనక్కి తీసుకుని బకెట్టు ఎత్తుకున్నది.